ఐరిష్ షోని బ్రిటన్ తీసుకెళ్ళాలంటే: ఎడిన్‌బరా ఫ్రింజా, లండన్ ఐరిష్ సెంటరా?

ఖర్చు: ఫ్రింజ్ (ఎడిన్‌బరాలో ఏటా జరిగే పెద్ద కళల పండుగ) అంటే హాల్ అద్దె, పోస్టర్లు, ఆగస్టులో మండిపోయే రూమ్ రెంట్లు, చాలావరకు సొంత డబ్బే, పైగా పండుగంతా ఆడాలంటే మూడు వారాలు నిలబడాలి. లండన్‌లో కామ్డెన్ ప్రాంతంలోని ఐరిష్ సెంటర్‌లో ఒకట్రెండు రాత్రులతో తక్కువలో అయిపోద్ది. కల్చర్ ఐర్లాండ్ (ఐరిష్ కళల్ని విదేశాలకి తీసుకెళ్ళడానికి సాయం చేసే ప్రభుత్వ సంస్థ) గ్రాంట్‌కి ఎలాగూ ముందే అప్లై చెయ్యండి.

శ్రమ: ఫ్రింజ్‌లో వేల షోల మధ్య రాయల్ మైల్ అనే ఎడిన్‌బరా వీధిలో నిలబడి కరపత్రాలు పంచాలి. సెంటర్ 1954 నుంచీ ఉంది, అక్కడి ఐరిష్ కుటుంబాలకి బాగా తెలిసిన చోటు.

రిస్క్: ఫ్రింజ్‌లో ఖాళీ కుర్చీలు. సెంటర్‌లో హాల్ నిండొచ్చు కానీ వచ్చేది ఎక్కువగా ఐరిష్ వాళ్ళే అయితే అసలు పక్క దేశపు ప్రేక్షకుడికి మన పని చేరినట్టేనా? నాకైతే ఇదే పెద్ద రిస్క్ అనిపిస్తుంది.

పేపర్లు: రెండిట్లోనూ ఒకటే, కామన్ ట్రావెల్ ఏరియా (ఐర్లాండ్, బ్రిటన్ మధ్య స్వేచ్ఛగా తిరిగే ఒప్పందం) వల్ల ఐరిష్ పౌరులకి వీసా అక్కర్లేదు, అమ్మే సీడీలకి మాత్రం బ్రెగ్జిట్ తర్వాత కస్టమ్స్ చూసుకోవాలి.

నాటకం, కామెడీ ఉండి, వేరే దేశాల ప్రోగ్రామర్ల (అంటే పండుగలకి, థియేటర్లకి షోలు ఎంచుకునేవాళ్ళ) కంట్లో పడాలంటే ఫ్రింజ్‌కే వెళ్ళండి. కవిత్వం, సంప్రదాయ సంగీతం, మొదటి ట్రయల్ అయితే సెంటర్. సంగీతం వాళ్ళు జనవరిలో గ్లాస్గోలో జరిగే కెల్టిక్ కనెక్షన్స్ సంగీత పండుగ కూడా తప్పక చూడండి.