షెల్‌చెక్: బ్యాష్ స్క్రిప్టులు నడిపే ప్రతి ఆఫీసులో ఉండాల్సిన టూల్

విజయవాడలో కొన్ని డయాగ్నస్టిక్ ల్యాబులకి సర్వర్లు చూసుకోవడం నా పని. రాత్రి బ్యాకప్, రిపోర్టుల కాపీ, పాత ఫైళ్ల తొలగింపు, అన్నీ క్రాన్‌లో (చెప్పిన టైముకి పనులు నడిపే లైనక్స్ సదుపాయం) నడిచే బ్యాష్ స్క్రిప్టులే, అంటే బ్యాష్ అనే షెల్‌కి ఇచ్చే కమాండ్ల ఫైళ్లే. చాలావరకు నాకంటే ముందువాళ్లు రాసినవి. వాటిని ధైర్యంగా ముట్టుకోగలుగుతున్నానంటే కారణం షెల్‌చెక్. ఇది స్క్రిప్టుని నడపదు, చదివి తప్పులు చెబుతుంది. విడార్ హోలెన్ హాస్కెల్‌లో రాసిన ఉచిత టూల్ ఇది. ఉబుంటు లైనక్స్‌లో సాఫ్ట్‌వేర్ పెట్టుకునే ఆప్ట్ కమాండ్‌తోనే వచ్చేస్తుంది.

మా రిపోర్టు ఫైళ్ల పేర్లలో పేషెంటు ఇంటిపేరు, తర్వాత ఖాళీ, తర్వాత పేరు ఉంటాయి. స్క్రిప్టులో ఆ పేరుని పట్టుకుని ఉండే వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ లేకపోతే షెల్ ఆ ఖాళీ దగ్గర పేరుని విరగ్గొట్టి రెండు ఫైళ్లనుకుంటుంది. కాపీ కమాండ్‌కి ఆ రెండూ దొరకవు. ఎర్రర్ ఏ లాగ్‌లోనో పడి ఉంటుంది, రిపోర్టు మాత్రం బ్యాకప్‌లో ఉండదు. షెల్‌చెక్ ఇలాంటి ప్రతి చోటా ఎస్‌సీ2086 అనే హెచ్చరిక నంబరు చూపిస్తుంది. ఇలాంటి ప్రతి నంబరుకీ షెల్‌చెక్ వికీలో ఒక పేజీ ఉంది: తప్పు కోడ్, సరైన కోడ్, ఎందుకు తప్పో వివరణ, ఎప్పుడు వదిలేయొచ్చో కూడా. మా టీములో కొత్తగా చేరిన పిల్లలు షెల్ నేర్చుకున్నది ఎక్కువగా ఆ పేజీల్లోనే.

ఎస్‌సీ2115 పేజీ తప్పకుండా చదవండి. 2015 జనవరిలో స్టీమ్ అనే గేముల యాప్ లైనక్స్‌లో కొందరు యూజర్ల ఫైళ్లన్నీ తుడిచేసింది. ఫోల్డర్ పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీగా రావడంతో ఫైళ్లు తుడిచే ఆర్ఎం కమాండ్ నేరుగా రూట్ (అన్నిటికంటే పై ఫోల్డర్) నుంచి మొదలైంది. ఆ లైను మీద ‘స్కేరీ!’ అని కామెంట్ కూడా ఉంది. షెల్‌చెక్ చెప్పే మందు చిన్నది: వేరియబుల్ పేరు తర్వాత :? పెడితే, అది ఖాళీ అయినప్పుడు స్క్రిప్టు అక్కడే ఆగిపోతుంది. పాత ఫైళ్లు తీసేసే మా స్క్రిప్టులన్నిటికీ ఇదే పెట్టించాను.

నాకు నచ్చనిది ఒకటుంది. విలువ ఇవ్వని వేరియబుల్ వాడితే హెచ్చరిస్తుంది కానీ, పేరు పెద్దక్షరాల్లో ఉంటే ఎన్విరాన్‌మెంట్ (స్క్రిప్టు బయట సిస్టమ్ ఇచ్చే విలువలు) నుంచి వస్తుందిలే అనుకుని ఊరుకుంటుంది. పాత స్క్రిప్టుల్లో పేర్లన్నీ పెద్దక్షరాలే. ఇది చిన్న విషయం కాదు. ఫోల్డర్ మార్చే సీడీ కమాండ్‌కి కోట్స్ లేకుండా ఖాళీ వేరియబుల్ ఇస్తే అది ఫెయిల్ అవ్వదు, హోమ్ ఫోల్డర్‌కి వెళ్లిపోతుంది. షెల్‌చెక్ సూచించే ‘లేదంటే ఎగ్జిట్’ (సీడీ ఫెయిలైతే స్క్రిప్టు ఆపేయమనేది) రాసుకున్నా ఇక్కడ పనికిరాదు. కింది లైన్లో ఆర్ఎం ఉంటే చేటే. ఇందుకోసం చెక్-అన్‌అసైన్డ్-అప్పర్‌కేస్ అనే ఆప్షనల్ చెక్ ఉంది, సెట్టింగ్స్ ఫైల్లో మనమే ఆన్ చేసుకోవాలి. నన్నడిగితే అది మొదటి నుంచీ ఆన్‌లోనే ఉండాలి.

ఇంకో జాగ్రత్త. తెరనిండా హెచ్చరికలు చూసి టెన్షన్ పడి, చాలామంది చూపించాల్సిన కనీస స్థాయిని ‘వార్నింగ్’కి పెంచేస్తారు. ఎస్‌సీ2086 దానికంటే కింద, ‘ఇన్ఫో’ స్థాయిలో ఉంది. అంటే మనకి ఎక్కువ పనికొచ్చేదే కనపడకుండా పోతుంది. దానికి బదులు ఒక్కో స్క్రిప్టే తీసుకుని శుభ్రం చేయండి.

ఎస్‌సీ2155 కూడా బంగారం లాంటిది. ఫంక్షన్‌లో లోకల్ అని ప్రకటించిన లైన్లోనే కమాండ్ ఫలితం తీసుకుంటే ఆ కమాండ్ ఫెయిలైన సంగతి మరుగున పడుతుంది. డేటాబేస్ డంప్ (బ్యాకప్ కాపీ) రాకపోయినా స్క్రిప్టు ‘ఓకే’ అంటుంది. ప్రకటన ఒక లైను, విలువ ఇంకో లైను రాయాలి.

మొదటి లైన్లో ఎస్‌హెచ్ (సాదా షెల్) అని పెట్టి లోపల బ్యాష్ వ్యవహారాలు రాస్తే అదీ పట్టుకుంటుంది. జెడ్‌ఎస్‌హెచ్ అనే ఇంకో షెల్‌కి మాత్రం పనికిరాదు. బ్యాకప్ సరైన డిస్కుకి వెళ్తోందా, తిరిగి తెరుచుకుంటుందా అన్నది దీనికి తెలియదు, అది మనం చూసుకోవాల్సిందే.

తప్పు దొరికితే షెల్‌చెక్ ఎగ్జిట్ కోడ్ (పని ఎలా ముగిసిందో చెప్పే నంబరు) సున్నా కాకుండా వస్తుంది కాబట్టి, కోడ్ మార్పులు దాచే గిట్‌లో కమిట్‌కి (మార్పు నమోదుకి) ముందే ఆపేలా పెట్టుకోవచ్చు. మేం అలాగే పెట్టాం. ఏ హెచ్చరికనైనా కామెంట్‌తో ఆపుకోనిస్తాం, కాకపోతే ఎందుకు ఆపారో ఆ పక్కనే రాయాలి.