అమ్మేద్దామనుకున్న స్పోర్ట్స్ కారు, మొరాయించిన ఎలక్ట్రిక్ కారు

మా ఎలక్ట్రిక్ కారు కొని మూడేళ్లు దాటింది. దాని పక్క స్లాట్‌లో, అంతకు చాలా ముందు కొన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఇంకా అలాగే ఉంది. "ఇంకా అదెందుకు, అమ్మేయొచ్చు కదా" అనని బంధువు లేడు. రేంజ్ (ఒక్క చార్జింగ్‌కి వెళ్లే దూరం) ఎంత, వంద స్పీడుకి ఎన్ని సెకన్లు, సన్‌రూఫ్ ఉందా లాంటివి నేను రాయను, యూట్యూబ్ నిండా అవే. కంపెనీల పేర్లు కూడా రాయడం లేదు. ఎందుకంటే నా గొడవ ఒక కంపెనీతో కాదు, దాదాపు ప్రతి ఎలక్ట్రిక్ కారులోనూ ఎక్కడో ఒక మూల దాక్కుని ఉండే 12 వోల్టుల బ్యాటరీతో.

ముందు మంచి మాటలు చెప్పేస్తాను, లేకపోతే పగబట్టి రాస్తున్నాడనుకుంటారు. ఒంటి పెడల్ డ్రైవింగ్ అనేది నాకు ఈ కారు ఇచ్చిన వరం. హైదరాబాద్‌లో పొద్దున తొమ్మిదింటికి జేఎన్‌టీయూ దగ్గర బయల్దేరి సైబర్ టవర్స్ మీదుగా రాయదుర్గం వెళ్లేవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. నొక్కితే కదులుతుంది, కాలు తీస్తే దానంతటదే నెమ్మదించి ఆగుతుంది. ముందున్న ఆటో ఎప్పుడు ఆగుతుందో ఆ ఆటోవాడికే తెలియని రోడ్డు మీద, బ్రేక్ మీదికి కాలు మార్చే పని తప్పడం చిన్న సుఖం కాదు. ఆఫీసుకి వెళ్లేసరికి ఒంట్లో ఓపిక మిగిలి ఉంటోంది. ఇదే రోడ్డు మీద స్పోర్ట్స్ కారులో వెళ్తే సిటీ బస్సు టైరు సరిగ్గా నా చెవి పక్కన తిరుగుతుంది. ఏసీ ఎంత పెట్టినా వెనక నుంచి ఇంజన్ సెగ. కాలనీవాళ్లు రాత్రికి రాత్రి వేసుకునే స్పీడ్ బ్రేకర్ల దగ్గర కారుని ఏటవాలుగా తిప్పి ఒక్కో చక్రాన్నీ ఎక్కించాలి. వెనకున్నవాళ్లు హారన్ కొడుతూనే ఉంటారు, నాకు వాళ్ల మీద కోపం కూడా రాదు. వాళ్ల బాధ న్యాయమైనదే.

ఎలక్ట్రిక్ అంటే నాకున్న చిన్నచూపు కూడా మన ఊళ్లోనే పోయింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది కదా, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. కార్లు ఈల వేసినట్టు సన్నగా కూసుకుంటూ వెళ్లిపోయాయి. శబ్దం లేకపోతే వేగం ఉండదనే మూఢనమ్మకం అక్కడితో వదిలింది. ఆ తర్వాత కొద్దికాలానికే ఈ కారు బుక్ చేశాను. సిగ్నల్ దగ్గర నా పాత కారు కంటే ఇదే ముందు దూకుతుంది, అందులో నాకు అనుమానమే లేదు. కాబట్టి వేగం లెక్కలో అయితే స్పోర్ట్స్ కారు కథ ఎప్పుడో ముగిసింది. పోయిన వేసవి నాటికి దాన్ని అమ్మడానికి ఒక డీలర్‌తో మాటలు కూడా అయ్యాయి.

అప్పుడే శ్రీశైలం ప్రయాణం పడింది. అత్తయ్యగారు, మామయ్యగారు, మా ఆవిడ, నేను. నల్లమలలో అమ్రాబాద్ పులుల అడవి గుండా వెళ్లే రోడ్డుని రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసేస్తారు. ఆరింటికి మన్ననూరు చెక్‌పోస్టు తెరిచేసరికి అక్కడుంటే దర్శనం ఎండ ముదరకముందే అవుతుందని మామయ్యగారి ప్లాను. ముందురోజు రాత్రంతా చార్జింగ్ పెట్టాను. యాప్‌లో వంద శాతం చూసుకుని పడుకున్నాను. తెల్లవారుజామున మూడున్నరకి నలుగురం సెల్లార్‌లోకి దిగాం. చేతిలో పులిహోర డబ్బా, పూజ సామాను, నీళ్ల క్యాను.

రిమోట్ నొక్కాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మళ్లీ నొక్కాను. తలుపు పిడులు బయటికి రాలేదు, లైట్లు వెలగలేదు. రిమోట్ బ్యాటరీ అయిపోయిందేమోనని పైకి పరిగెత్తి రెండోది తెచ్చాను. అదీ అంతే. చివరికి రిమోట్ లోపల దాచి ఉంచే సన్నటి తాళంచెవి లాగి తలుపు తీశాను. లోపల స్క్రీన్ నల్లగా ఉంది. డోమ్ లైటు కూడా లేదు. స్టార్ట్ బటన్ ఎంతసేపు నొక్కినా చీమ కుట్టినట్టు లేదు.

అత్తయ్యగారు అడిగిన ప్రశ్నకి ఆ క్షణంలో నా దగ్గర జవాబు లేదు. "రాత్రంతా కరెంటు పెట్టారు కదా బాబూ, ఆ కరెంటంతా ఎటు పోయినట్టు?"

ఎటూ పోలేదు. అదే అసలు చిరాకు. 70 యూనిట్లకు పైగా కరెంటు ఆ కారు అడుగున పదిలంగా ఉంది. ఒక మాదిరి ఇంటికి వారం పైనే సరిపోయే కరెంటు అది. కానీ పెద్ద బ్యాటరీకీ కారుకీ మధ్య కాంటాక్టర్లనే స్విచ్‌లు ఉంటాయి. కారు ఆఫ్ చేయగానే, భద్రత కోసం, అవి విడిపోతాయి. మళ్లీ కలవాలంటే వాటికి 12 వోల్టుల కరెంటు కావాలి. అది ఇచ్చేది బానెట్ కింది చిన్న బ్యాటరీ. తాళాలు, కంప్యూటర్లు, స్క్రీన్, యాప్‌తో మాట్లాడే సిమ్ అన్నీ దాని మీదే బతుకుతాయి. అది చచ్చిపోతే కోట్లున్న బ్యాంకు లాకరు తాళం పోగొట్టుకున్నవాడి పరిస్థితే మనది.

కంపెనీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఆ అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. కారుని తోయకూడదట, ఎలాగూ పార్కింగ్ లాక్ పడి ఉంది కాబట్టి చక్రం తిరగదు. కారుని మీదికెక్కించుకుని మోసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ బండి పంపుతామన్నాడు. "మీ సెల్లార్ ఎత్తు ఎంత సార్?" అని అడిగాడు. పైపులు పోను ఏడడుగులు ఉంటుందేమో. "అయితే బండి లోపలికి రాదు సార్, టెక్నీషియన్‌ని పంపుతాం, పొద్దున తొమ్మిది తర్వాత" అన్నాడు. మామయ్యగారు ఏమీ అనలేదు. వాచీ చూసుకున్నారు, అది చాలు.

స్పోర్ట్స్ కారు వారాల తరబడి కదలకుండా ఉండే బండి. దాని బ్యాటరీ ఎప్పుడైనా పడుకుంటుందని ఒక కారు బ్యాటరీతో ఇంకో కారుని లేపే జంపర్ కేబుళ్లు కొని డిక్కీలో పడేసి ఉంచాను. ఆ కేబుళ్లు పక్క కారుకి పనికొస్తాయని కలలో కూడా అనుకోలేదు. ఆ రోజు మాత్రం ఆరు సిలిండర్ల ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. మూసి ఉన్న సెల్లార్‌లో చల్లటి ఇంజన్ మొదటి గర్జన ఎలా ఉంటుందో, దాని గురించి అసోసియేషన్ గ్రూపులో నా మీద ఇదివరకే ఎన్ని మెసేజ్‌లు పడ్డాయో చెప్పను. మొదటి అంతస్తులో లైట్లు వెలిగాయి. వాచ్‌మన్ నిద్రకళ్లతో వచ్చి, టార్చి పట్టుకుని నిలబడ్డాడు. కేబుల్ అందక స్పోర్ట్స్ కారుని బయటికి తీసి, రెండింటినీ ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరగా పెట్టాల్సి వచ్చింది. ర్యాంపు మొత్తం బంద్.

ఎరుపు ప్లస్‌కి, నలుపు బ్యాటరీ మైనస్‌కి కాకుండా బాడీ ఇనుముకి. ఇంజన్ని కాసేపు అలా ఆడనిచ్చాను. తర్వాత స్టార్ట్ బటన్ నొక్కితే కారు కింద ఎక్కడో 'టక్' మని చప్పుడైంది. కాంటాక్టర్లు కలిశాయన్నమాట. స్క్రీన్ వెలిగింది, వంద శాతం చార్జింగ్ అని ఏమీ ఎరగనట్టు చూపించింది. ఒక్కసారి కారు ఆన్ అయితే పెద్ద బ్యాటరీయే చిన్నదాన్ని చార్జ్ చేసుకుంటుంది. (దీన్ని తిరగేసి, ఎలక్ట్రిక్ కారుతో పెట్రోలు కారుని లేపొచ్చా అని అడుగుతారు. చాలా కంపెనీలు మాన్యువల్‌లోనే వద్దని రాస్తాయి.)

వెళ్లాం. తుక్కుగూడ దగ్గర ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) దిగి, కడ్తాల్, డిండి మీదుగా. కానీ మన్ననూరు దాకా కారు ఆఫ్ చేసే ధైర్యం లేదు. డిండి దగ్గర టీకి ఆగితే ఒకళ్లు లోపలే కూర్చోవడం, మిగతావాళ్లు దిగడం. మా ఆవిడ నవ్వింది, నాకు నవ్వు రాలేదు. టెన్షన్ రేంజ్ గురించైతే లెక్క వేసుకోవచ్చు. రానూపోనూ 450 కిలోమీటర్ల పైచిలుకు, సత్రంలో 15 ఆంప్స్ ప్లగ్గు దొరికితే రాత్రికి ఓ 30 యూనిట్లు ఎక్కుతాయి, అయిపోయింది. ఈ చిన్న బ్యాటరీ ఎప్పుడు చేతులెత్తేస్తుందో చెప్పే లెక్క లేదు.

పాత కారుల్లో ఉన్న ఒక సుగుణం ఇక్కడే తెలిసొచ్చింది. పెట్రోలు కారులో బ్యాటరీ బలహీనపడితే కొద్ది రోజుల ముందు నుంచే స్టార్టర్ ఈడుస్తుంది, మనకి చెవిన పడుతుంది, మార్పించుకుంటాం. ఎలక్ట్రిక్ కారులో తిప్పడానికి ఇంజనే లేదు. కంప్యూటర్లు లేపి, స్విచ్‌లు కలిపేపాటి ఓపిక ఉన్నంతకాలం అంతా బాగున్నట్టే ఉంటుంది. ఆ ఓపిక పోయిన రోజు ఒక్కసారిగా చీకటి. పైగా ఇలాంటి బ్యాటరీలకి ఎండ పడదు, మన ఊరి ఏప్రిల్, మే నెలలు తెలిసినవే. రాత్రంతా రికార్డు చేసే డ్యాష్‌క్యామ్, గంటకోసారి యాప్ తెరిచి కారుని నిద్రలేపడం కూడా దాని రక్తమే తాగుతాయి. సర్వీసు సెంటర్లో బ్యాటరీ మార్చారు. మూడేళ్లకి ఇది మామూలే సార్ అన్నారు. అంత మామూలైతే సర్వీసులో ఒక్కసారైనా వోల్టేజి చూసి చెప్పొచ్చు కదా అన్నాను. నవ్వి బిల్లు ఇచ్చారు.

అదే ప్రయాణంలో, పైన అంతగా మెచ్చుకున్న ఒంటి పెడల్ కూడా కాస్త తగ్గింది. బ్యాటరీ నూటికి నూరు శాతం నిండి ఉంటే, కాలు తీసినప్పుడు పుట్టే కరెంటు వెళ్లడానికి చోటుండదు. కాబట్టి కారు రోజూ ఆగినట్టు ఆగదు. పొద్దున్నే మొదటి మలుపులో, అలవాటుగా కాలు తీస్తే అది అలా వెళ్లిపోతూనే ఉంది, బ్రేక్ నొక్కాల్సి వచ్చింది. తర్వాత ఘాట్‌లో వెనక సీట్లో అత్తయ్యగారికి కడుపులో తిప్పింది. నేను కాలు తీసినప్పుడల్లా ఆవిడ తల ముందుకి వంగుతోంది. దాంతో రీజెన్ (కాలు తీయగానే కారుని నెమ్మదింపజేసి ఆ ఊపుని కరెంటుగా మార్చే ఏర్పాటు) బాగా తగ్గించి, పెట్రోలు కారులాగే నడిపాను. అయినా దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగుతుంటే చార్జింగ్ శాతం తగ్గకపోగా పెరగడం చూస్తే ముచ్చటేసింది. మామయ్యగారికి చూపించాను. ఆ రోజు ఆయన ఈ కారు గురించి అన్న ఒకే ఒక్క మంచి మాట "పర్లేదు".

ఇక అమ్మాలా వద్దా.

మా బావమరిది తన పాత స్పోర్ట్స్ కూపే తీసేసి ఎలక్ట్రిక్ తీసుకుందామని చూస్తున్నాడు. తెలంగాణలో 2024 నవంబరు నుంచి ఎలక్ట్రిక్ కార్లకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ, 2026 డిసెంబరు 31 వరకు. ఖరీదైన కారుకి ఆ మాఫీ లక్షల్లో ఉంటుంది. పెట్రోలు చూస్తే లీటరు వంద ఎప్పుడో దాటి కూర్చుంది. వాడి ఫ్లాటుకి ఒకటే స్లాటు, రోజూ కోకాపేట ఆఫీసు, ఇద్దరు చిన్న పిల్లలు. వాడికైతే నేను నిస్సందేహంగా మార్చేయమన్నాను. ఇంట్లో చార్జింగ్ పెట్టుకోవడానికి అసోసియేషన్ ఒప్పుకుంటేనే అని మాత్రం చెప్పాను.

నా సంగతి వేరు. రెండు స్లాట్లున్నాయి, పిల్ల చదువు ఖర్చు ఇంకా పెద్దది కాలేదు, ఆ కారుకి ఇప్పుడు వచ్చే డబ్బు చూస్తే మనసు రాదు. శ్రీశైలం తర్వాత డీలర్‌కి కొన్నాళ్లు ఆగమని చెప్పాను. ఆ రోజు అది నా పరువు కాపాడింది కాబట్టి అనుకోవచ్చు. కానీ ఆ కారణం కూడా ఎక్కువ కాలం నిలవలేదు. జంప్ స్టార్టర్ అని అరచేతి వెడల్పు డబ్బా ఒకటి కొన్నాను, స్పోర్ట్స్ కారు చేసిన పని అది చప్పుడు లేకుండా చేస్తుంది. దాన్ని ఎలక్ట్రిక్ కారు డిక్కీలో మాత్రం పెట్టకండి. చిన్న బ్యాటరీ పోతే డిక్కీ కూడా తెరుచుకోదు. ఎండలో కారులో వదిలితే ఆ డబ్బాకీ మంచిది కాదు. మాది ఇంట్లో, చెప్పుల స్టాండు పైన ఉంటుంది.

కాబట్టి ఇప్పుడు స్పోర్ట్స్ కారు ఉంచుకోవడానికి చెప్పుకోదగ్గ కారణం ఒక్కటే మిగిలింది. ఓఆర్ఆర్ ఖాళీగా ఉన్నప్పుడు నానక్‌రాంగూడలో ఎక్కి, టాప్ తీసి, 120 దాటకుండానే శంషాబాద్ దాకా వెళ్లి రావడం. అదే దూరం ఎలక్ట్రిక్‌లో ఇంకా హాయిగా వెళ్లొచ్చు, వెళ్లాను కూడా. ఇంటికొచ్చాక వెళ్లొచ్చిన సంగతే గుర్తుండదు. అక్టోబరులో ఇన్సూరెన్స్ రెన్యువల్ ఉంది, అప్పుడు మళ్లీ మా ఆవిడతో పంచాయితీ ఉంటుంది. ఈలోపు మంచి రేటు ఇచ్చేవాళ్లుంటే మాట్లాడతాను. ఆదివారం పొద్దున మాత్రం ఫోన్ ఎత్తను.