తొమ్మిదేళ్ల డిష్‌వాషర్‌ను నిలబెట్టిన మెకానిక్

మా డిష్‌వాషర్ కొని తొమ్మిదేళ్లయింది. పోయిన నెల మురికినీళ్లు బయటికి పోక అడుగునే నిలిచిపోయాయి. కంపెనీ మనిషి పైపైన చూసి కొత్తది కొనమన్నాడు. నాకు మనసొప్పలేదు. హనుమకొండ చౌరస్తా దగ్గరి మెకానిక్‌ను పిలిచాను. ఆయన ఫిల్టరు తీసి, టార్చి వేసి, డ్రెయిన్ పంపు రెక్కకు చుట్టుకున్న చింతపండు పీచునూ ఒక గాజుపెంకునూ పట్టకారుతో లాగి చూపించారు. పంపు నిక్షేపంగా ఉంది! నాలుగు వందలే తీసుకున్నారు. మాది బోరు నీళ్లు. నీళ్లలోని సున్నం తగ్గడానికి మెషీన్‌లో ఉప్పు వేసే అర ఖాళీగా ఉంటే గిన్నెల మీద తెల్లపొర కడుతుందని, హీటరు మీదా సున్నం పేరుకుంటుందని విడమరచి చెప్పారు. తొట్టి తుప్పుపట్టి కారితే మాత్రం మార్చేయమన్నారు. చెప్పిన రోజు కాకుండా మర్నాడు వచ్చారు, అదొక్కటే లోటు. నిన్న రాత్రి పప్పుగిన్నె తళతళలాడుతూ బయటికొచ్చింది.