కాటమయ్య రక్ష కిట్టు: వాడినవాడి మాట

తాడిచెట్టెక్కే మా గీత కార్మికులకు ప్రభుత్వం ఇస్తున్న కాటమయ్య రక్ష కిట్టును ఎండల్లోనూ వానల్లోనూ వాడి రాస్తున్నా. 2024 జులైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి దీన్ని మొదలుపెట్టినప్పుడు, చెట్టెక్కడానికి తాతల నాటి తాళ్లు మోకు, ముత్తాదు ఉండగా ఇదెందుకని మావాళ్లు చానామంది పెదవి విరిచారు.

నాకు మా చిన్నాయన కళ్ల ముందున్నాడు. పైన మట్టల్లో దూరి గెల గీస్తుండగా పట్టు తప్పింది. కూర్చున్నట్టే పడ్డాడు. ఒళ్లు బరువంతా ఛాతీ, నడుము కలిసేచోట వెన్నుపూస మీద పడి, అది చితికి లోపలి వెన్నుపామును నొక్కేసింది. ఇప్పుడు నడుము కింద చీమ కుట్టినా తెలియదు. మూత్రానికి గొట్టం. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. ఆ పనంతా చిన్నమ్మదే.

ఆయనున్న ఆసుపత్రి వార్డులో దాదాపు అందరూ మగవాళ్లే, వయసులో ఉన్నోళ్లే. ఒకాయన పిట్టగోడ లేని డాబా మీంచి, ఇంకొకాయన పరంజా మీంచి పడ్డారు. బైకు ప్రమాదాల వాళ్లూ ఉన్నారు. మన దేశంలో చాలా ఆసుపత్రుల లెక్కల్లో వెన్నుపాము దెబ్బలకు ఎత్తు నుంచి పడటమే మొదటి కారణం.

ఇక కిట్టు. నడుముకు బెల్టు, తొడలకు లెగ్ లూపులు, చెట్టును చుట్టే తాడు, కొక్కేలు. జారితే తాడు చెట్టును బిగబట్టి మనిషిని ఆపుతుంది. తడిసిన మొద్దు మీద నా కాలు జారినప్పుడు ఉన్నచోటే వేలాడాను, మళ్లీ కాళ్లు ఆనించుకుని దిగాను. పైన రెండు చేతులూ పనికి దొరకడం నాకు బాగా నచ్చింది. చెట్టు చెట్టుకూ కట్టుకోవడానికి టైం పడుతుంది, నిజమే. పొద్దున్నే ఎక్కువ చెట్లు గీసేవాళ్లకు విసుగొస్తుంది. అయినా వదలొద్దు. పంచె మీద లూపులు ఒరుసుకుంటాయి, నిక్కరు వేసుకోండి. ఎక్కేముందు కుట్లు, కొక్కెం మూసుకుందో లేదో చూసుకోండి. శిక్షణ తీసుకోకుండా మాత్రం ఎక్కొద్దు.

ఎవరైనా పడితే కాళ్లూ చేతులూ పట్టి ఆటోలో కుక్కకండి, విరిగిన పూస కదిలి వెన్నుపాము ఇంకా నలుగుతుంది. 108కి ఫోన్ చేసి, వచ్చేదాకా మెడ, వీపు కదలనీయకండి.