బీడులో ఏది దేనికి: లేత్ షాపు అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని చేసేవాణ్ణి. ఏళ్ల తరబడి బీడు (పోత ఇనుము, కాస్ట్ ఐరన్) కోసి కోసి ఏర్పడ్డ అభిప్రాయాలివి.

మాకు ఎక్కువగా వచ్చేది గ్రే ఐరన్, అంటే మామూలు బీడు. పుల్లీలు, బ్రేక్ డ్రమ్ములు, పంపు బాడీలు అన్నీ అదే. లోపల కార్బన్ గ్రాఫైట్ రేకులుగా ఉంటుంది కాబట్టి కోసేటప్పుడు తురుము చుట్టలుగా రాకుండా నల్లటి పొడిగా రాలుతుంది. కూలెంట్ పోయను, పోస్తే పొడి బురదై లేత్ బెడ్డుకు (అడుగు దిమ్మకు) పట్టేస్తుంది. సాయంత్రానికి ముక్కంతా నలుపే, మాస్కు లేకుండా దిగొద్దు. కంపనాన్ని తనలోనే ఇంకించుకోవడం దీని అసలు గుణం. స్టీలు ప్లేట్లు అతికిన బేసు మీదా పని చేశాను, బీడు బెడ్డు మీద వచ్చే ఫినిషింగ్ దాని మీద రాలేదు.

దీంతో పేచీ పలుచని అంచుల దగ్గర. అచ్చులో అక్కడ గబుక్కున చల్లారితే చాలా గట్టిదైన తెల్ల బీడవుతుంది. పైపైన గీకితే కోసే పనిముట్టు టిప్పు ఎగిరిపోతుంది, మొదటి కోతే పై పొర దాటేలా లోతుగా పట్టాలి. సిమెంటు మిల్లుల్లో గ్రైండింగ్ బాల్స్‌కు (నలగగొట్టే గుండ్లకు) మాత్రం క్రోమియం కలిపిన తెల్ల బీడే కావాలి.

దెబ్బలు తగిలే చోట ఎస్‌జీ (స్ఫెరాయిడల్ గ్రాఫైట్) ఐరన్ తప్ప వేరేది వాడను. కరిగిన ఇనుములో మెగ్నీషియం కలిపితే గ్రాఫైట్ గుండ్రటి గుళికలవుతుంది, పగులు తేలిగ్గా పాకదు. 500/7 గ్రేడంటే కనీసం 500 మెగాపాస్కల్స్ బలం, తెగేలోపు 7 శాతం సాగుడు. ధర ఎక్కువే, మోసమూ ఎక్కువే. ఒక ఫౌండ్రీ ఎస్‌జీ అని బిల్లేసి మామూలు బీడు బ్రాకెట్లు పంపింది. వేలాడదీసి సుత్తితో తడితే గంటలా మోగాల్సింది, డబ్ మని ఊరుకుంది. లేత్ మీద పెడితే పొట్టి చుట్టలకు బదులు పొడి రాలింది. వాపసు తీసుకోవడానికి నానా పేచీ పెట్టారు.

మాలియబుల్ ఐరన్ అనే ఇంకో రకం బీడు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, జీఐ పైపుల ఎల్బోలు, టీలుగా మీ ఇంట్లోనే ఉంటుంది.

పగిలిన బీడు అతకాలంటే ముందు వేడి చేసి, నికెల్ వెల్డింగ్ రాడ్‌తో కొద్దికొద్దిగా వేస్తూ, ప్రతిసారీ సుత్తితో తట్టి, చివరికి బూడిదలో కప్పి మెల్లగా చల్లారనివ్వాలి. తొందరపడితే అతుకు పక్కన గట్టిపడిపోయి ఆకురాయి కూడా దిగదు.

ఆర్డరులో ఉత్త ‘సీఐ’ (కాస్ట్ ఐరన్) అని రాస్తే ఫౌండ్రీవాళ్లు తమకు చవకైనదే పోస్తారు. ఎఫ్‌జీ 260 (గ్రే ఐరన్‌లో ఒక గ్రేడు) కావాలంటే అదే రాయండి, బలం పరీక్షించిన టెస్ట్ బార్ రిపోర్టు కూడా అడగండి.