స్కౌట్ షర్ట్ మీద ‘ట్రెయిన్డ్’ స్ట్రిప్ కుట్టించాం: కుట్టుకి ఐదుకి ఐదు మార్కులు, అమరికకి రెండున్నర

ఇది మా ఇంటి దగ్గరున్న ఆల్టరేషన్ షాపు గురించి. పేరు రాయడం లేదు, ఎందుకంటే జరిగిన తప్పులో సగం నాదే, పైగా అక్కడ కుట్టే ఆవిడ చేతి పనికి వంక పెట్టలేం. కానీ అమెరికాలో పిల్లల్ని స్కౌటింగ్‌లో చేర్పించిన మనవాళ్ళు యూనిఫాం బయట కుట్టించే ముందు ఇది చదివితే కొన్ని డాలర్లూ ఒక ఆదివారమూ మిగులుతాయి.

మా పెద్దాడు ఈమధ్యే ట్రూప్‌లో, అంటే వాళ్ళ స్కౌట్ దళంలో, సీనియర్ పెట్రోల్ లీడర్ అయ్యాడు. పెట్రోల్ అంటే ట్రూప్‌లో చిన్న జట్టు, ఆ జట్లన్నిటికీ వీడు నాయకుడు. పదవి తీసుకున్న పిల్లలకి ట్రూప్‌లోనే ఐఎల్ఎస్‌టీ అని మొదటి నాయకత్వ శిక్షణ పెడతారు, అది ఒక శనివారం పూర్తి చేశాడు. దానికి షర్ట్ చేతి మీద కుట్టుకునే వేలెడంత గుడ్డ స్ట్రిప్ ఒకటి ఇచ్చారు, దాని మీద ‘ట్రెయిన్డ్’ అని ఒకటే మాట. కారెక్కిన దగ్గర్నుంచీ ఎప్పుడు కుట్టిస్తావ్, ఎప్పుడు కుట్టిస్తావ్ అని ఒకటే గోల. రెండు వారాల్లో కోర్ట్ ఆఫ్ ఆనర్, అదే పిల్లలకి అందరి ముందూ బ్యాడ్జీలు ఇచ్చే సభ, ఉంది మరి.

నాకు బొత్తాం కుట్టడం తప్ప ఏమీ రాదు. మా ఆయన ఇంటర్నెట్‌లో చూసి జిగురు షీటు తెప్పించాడు, ప్యాచ్ వెనక అంటించి షర్ట్ మీద నొక్కేసే రకం. మొదటి రోజు బ్రహ్మాండం. రెండు ఉతుకులకి మూలలు లేచాయి, మూడో ఉతుక్కి ట్రూప్ నంబర్లలో ఒకటి డ్రయర్‌లో దొరికింది. పోనీ పీకేద్దామంటే మధ్యలో మాత్రం వదలదు, గోళ్ళతో గీకి గీకి విసుగొచ్చింది. క్యాంపుకి ముందురోజు రాత్రి గండం గట్టెక్కడానికి పనికొస్తుందేమో, అంతకుమించి నమ్మకండి.

అందుకని షాపు. ప్యాచ్‌కి ఐదు డాలర్లు. సోమవారం ఇస్తే గురువారం ఇస్తానంది, ఇచ్చింది కూడా. రెండు షర్టులు ఇచ్చాను, ఒకటి కొత్తది, ఇంకొకటి మా తోడికోడలి కొడుకు వేసి వదిలేసిన పాతది. పాతదాని మీద అన్నీ కుట్టే ఉన్నాయి, పదవి ప్యాచ్ ఒక్కటి మార్చాలి. నేను చేసిన తెలివైన పని ఏంటంటే, పాతది చూపించి ‘కొత్తదాన్ని అచ్చం ఇలాగే చెయ్యండి’ అన్నాను. ఆవిడ నిజంగానే అచ్చం అలాగే చేసింది.

తంటా అక్కడే వచ్చింది. 2008లో వచ్చిన మోడల్ షర్టుకి ఎడమ చేతి మీద చిన్న జేబు ఉంటుంది. అలాంటి షర్టుకి ట్రెయిన్డ్ స్ట్రిప్ ఆ జేబు మూత మీద వస్తుంది, పదవి ప్యాచ్ దాని కింద జేబు మీద. అంటే స్ట్రిప్ పైన, పదవి కింద. జేబు లేని షర్టుకి ఇది తిరగబడుతుంది. భుజం కుట్టుని ఆనుకుని కౌన్సిల్ (ఆ ప్రాంతపు స్కౌట్ సంస్థ) ప్యాచ్, కింద ట్రూప్ నంబర్లు, ఆ కింద పదవి ప్యాచ్, దాని అంచుని ఆనుకుని కిందన స్ట్రిప్. మాకు ఇచ్చిన కొత్త షర్టుకి జేబు లేదు. స్ట్రిప్ మాత్రం నంబర్లకీ పదవికీ మధ్యలో ఇరుక్కుని కూర్చుంది. నేనైతే గమనించను కూడా, వాడు వేసుకుని అద్దం ముందు నిలబడ్డ క్షణమే మొహం మాడ్చుకున్నాడు. వాడికి ఆ టెన్షన్ ఎందుకంటే, ట్రూప్‌లో ఒక పెద్దాయన ఉన్నారు, చాలా మంచివారే గానీ యూనిఫాం విషయంలో పోలీసు లెక్క, ఆయన కళ్ళకి అరంగుళం తేడా కూడా దాగదు.

పాత షర్టులో ఇంకో చిత్రం. పదవి ప్యాచ్‌ని జేబుతో పాటు చేతి గుడ్డకి కూడా కలిపి కుట్టేసింది, జేబు మూసుకుపోయింది. మా వాడు పట్టించుకోలేదు, ఎవరు వాడతారమ్మా దాన్ని అన్నాడు. నిజమే, చూయింగ్ గమ్ దాచుకోవడానికి తప్ప ఆ జేబు దేనికో నాకూ అర్థం కాలేదు.

కుడి చేతి మీద ఉన్న పెట్రోల్ బొమ్మ, అంటే జట్టు గుర్తు ప్యాచ్, తీసెయ్యాలని నేను చెప్పనే లేదు. సీనియర్ పెట్రోల్ లీడర్ అయ్యాక ఏ ఒక్క పెట్రోల్‌లోనూ సభ్యుడు కాడు, అందరి మీదా ఉంటాడు, కాబట్టి జెండా కింద ఆ బొమ్మ ఉండకూడదు. ఇది దర్జీకి ఎలా తెలుస్తుంది చెప్పండి? నాకే ఆ రోజు తెలిసింది.

మళ్ళీ తీసుకెళ్ళాను. ఆవిడ గొడవ పడలేదు, ‘మీరు చూపించినట్టే కుట్టాను కదా’ అని ఒక్క మాట అంది, అందులో అబద్ధం ఏముంది. విప్పి మళ్ళీ కుట్టినందుకు సగం డబ్బులే తీసుకుంది. పని మాత్రం చూడాలి. దారం షర్టు రంగుకి కాకుండా ప్యాచ్ అంచు రంగుకి కలిపింది, కుట్టు ఎక్కడ మొదలైందో వెతికినా దొరకదు. లోపలి వైపు కూడా ముడులు గుచ్చుకోవు. పాత కుట్లు విప్పిన చోట సూది రంధ్రాలు వరసగా కనిపిస్తుంటే గోటితో అటూ ఇటూ రుద్ది ఆవిరి పట్టింది, మాయం.

ఈసారి మాటలతో చెప్పలేదు. ఏ ప్యాచ్ ఎక్కడుండాలో చూపించే యూనిఫాం ఇన్‌స్పెక్షన్ షీటు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది, ప్రింట్ తీసి, ప్రతి ప్యాచ్ నేనే పిన్నులు గుచ్చి, పిన్నులతోనే ఇచ్చాను. పది నిమిషాల పని. మీరూ అలాగే ఇవ్వండి. షర్టు కౌంటర్ మీద పడేసి ‘స్కౌట్ షర్టు, మీకు తెలుసుగా’ అన్నారో, అయిపోయారు.

వచ్చే వేసవిలో వాడు ఎన్‌వైఎల్‌టీ అనే ఇంకో నాయకత్వ కోర్సుకి వెళ్తానంటున్నాడు. అక్కడ కోర్సు ప్యాచ్ ఇస్తే అది కుడి జేబు మీదకి వెళ్తుంది, ఆ స్థలంలో తాత్కాలిక ప్యాచ్ ఒక్కటే ఉండాలి, ఇప్పుడు అక్కడ క్యాంప్ ప్యాచ్ ఉంది. అలాంటివి కుట్టించకండి. బొత్తానికి తగిలించే ప్లాస్టిక్ కవరు కొనుక్కుంటే ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. షాపుకి ఆ ఐదు డాలర్లు నష్టం, ఏం చేస్తాం.

కొసరు సంగతి ఇంకోటి. మా ఆయన చిన్న పిల్లల విభాగమైన కబ్ స్కౌట్స్‌లో డెన్ లీడర్‌గా (ఒక చిన్న గుంపుకి పెద్దగా) ఉన్నప్పుడు వచ్చిన ట్రెయిన్డ్ స్ట్రిప్ అలాగే ఉంచుకుని, భుజాల మీద కబ్ స్కౌట్స్ నీలం లూపులు తీసి ట్రూప్ వాళ్ళ ఆకుపచ్చవి వేసుకుని, అసిస్టెంట్ స్కౌట్‌మాస్టర్ అయిపోయాడు. పెద్దవాళ్ళ షర్టు ఎలాగూ అదే కదా. మా వాడు భోజనాల దగ్గర చల్లగా అన్నాడు, ‘నాన్నా, అది ఆ పదవికి ఇచ్చింది, ఈ పదవికి కాదు.’ చేతి మీద ఏ పదవి ఉంటే దానికి శిక్షణ అయ్యిందనే ఆ స్ట్రిప్ అర్థం. కొత్త పదవికి కొత్త కోర్సు చెయ్యాలి, పైగా ఐఓఎల్ఎస్ అని అడవిలో గుడారం వేసుకునే శిక్షణ కూడా ఉంది. ఈయన దోమలంటే పారిపోయే రకం. స్ట్రిప్ విప్పించడానికి అదే షాపుకి పంపించాను. విప్పడానికి రెండు డాలర్లు తీసుకుని, స్ట్రిప్‌ని చిన్న కవర్లో పెట్టి జాగ్రత్తగా ఇచ్చిందావిడ, ‘మళ్ళీ కుట్టడానికి ఎప్పుడు తెస్తారు’ అని అడిగిందట. ఇంకా డ్రాయర్లోనే ఉంది.