మూడు ఎఫ్‌పీజీఏలకు ఒకే ఫ్లాష్: చాలాకాలం వాడాక నా మాట

కొన్నేళ్లుగా నా పనంతా ఒక డేటా సేకరణ బోర్డుతోనే. దాని మీద మూడు ఆర్టిక్స్-7 35టీ ఎఫ్‌పీజీఏలు (లోపలి సర్క్యూట్‌ను మనమే నిర్ణయించి, పవర్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ నింపాల్సిన చిప్‌లు), ఆ డిజైన్లు దాచడానికి మూడింటికీ కలిపి ఒకే 128 మెగాబిట్ ఎస్‌పీఐ ఫ్లాష్ (కరెంటు పోయినా చెరగని మెమరీ). మొదటి చిప్ మాస్టర్, ఫ్లాష్‌ని చదివేది అదే. తన వాటా నింపుకున్నాక మిగతా డేటాను డీ-అవుట్ (డేటా బయటికి వెళ్లే) పిన్ నుంచి రెండోదానికి పంపుతుంది, రెండోది మూడోదానికి. చెయిన్ అంటే ఇదే, వెనక రెండు చిప్‌లూ స్లేవ్‌లు. క్లాక్ (ఒక్కో బిట్‌ను ఎప్పుడు చదవాలో చెప్పే సిగ్నల్) మాత్రం అన్నిటికీ ఉమ్మడి.

సౌకర్యం నిజమే. ఒక్కో చిప్‌కి బిట్‌స్ట్రీమ్ (చిప్‌లోకి నింపే డిజైన్ డేటా) దాదాపు 17.5 మెగాబిట్లు, కాబట్టి మూడూ పట్టాక కూడా ఫ్లాష్‌లో సగానికి పైగా ఖాళీ. ఏ చిప్‌లో ఏ వెర్షన్ ఉందోనన్న టెన్షన్ లేదు, అన్నీ కలిసే మారతాయి. కాకపోతే ఒక్క చిప్‌లో చిన్న మార్పు చేసినా మొత్తం ఇమేజ్ మళ్లీ తయారుచేసి రాయాల్సిందే. మూడు బిట్‌స్ట్రీమ్ ఫైళ్లను వరసగా అతికిస్తే కుదరదు. వెనక చిప్‌ల డేటాను ముందు చిప్ దాటించేలా టూల్‌తోనే చెయిన్ ఇమేజ్ కట్టించాలి.

వేగం విషయంలో ఆశలు పెట్టుకోవద్దు. ఈ చెయిన్‌లో డేటా ఒక్క బిట్ వెడల్పుతోనే నడుస్తుంది. క్లాక్‌ని డిఫాల్ట్ 3 మెగాహెర్ట్జ్‌లో వదిలేస్తే మూడూ లేవడానికి 17 సెకన్లు దాటుతుంది, 33కి పెంచితే ఒకటిన్నర సెకను పైచిలుకు. పైగా చిప్ లోపలి ఆసిలేటర్ (క్లాక్ పుట్టించే భాగం) వేగం 50 శాతం దాకా అటూ ఇటూ కావచ్చు. కచ్చితంగా కావాలంటే బయటి క్లాక్ ఇవ్వడమే మేలు. పవర్ వచ్చిన 100 మిల్లీసెకన్లలో సిద్ధంగా ఉండాల్సిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డుకి (కంప్యూటర్ లోపల గుచ్చేది) ఈ పద్ధతి తలపెట్టకండి.

అసలు తలనొప్పి ఏదైనా తేడా వచ్చినప్పుడు. డన్ పిన్‌లు (నింపడం పూర్తయిందని చెప్పేవి) మూడూ ఒకే తీగకి కట్టి ఉంటాయి. ఒక్కటి మొరాయించినా అన్నీ ఆగిపోతాయి, డన్ ఎల్‌ఈడీ వెలగదు, దోషి ఎవరో బయటికి తెలియదు. ఇనిట్ తీగా (లోపం ఉందని చెప్పేది) అంతే: సీఆర్‌సీ తప్పు (వచ్చిన డేటా చెడిందని తేల్చే లెక్క) ఏ చిప్‌కి వచ్చినా, అది ఆ తీగను అందరికీ కిందికి లాగేస్తుంది. అలాంటప్పుడు నన్ను కాపాడింది జేటాగ్ (ప్రతి చిప్‌నీ విడిగా పలకరించే పరీక్ష పోర్టు). ఒక్కో చిప్ స్టేటస్ రిజిస్టర్ (చిప్ తన స్థితి రాసుకునే చోటు) చదివితే, లోపల డన్ వదిలిందా, పిన్ దగ్గర డన్ పైకి లేచిందా అన్నవి వేర్వేరు బిట్లుగా కనిపిస్తాయి. ఆ మొదటి బిట్ కూడా లేవని చిప్పే మన నిందితుడు. జేటాగ్ కనెక్టర్ ఎత్తేసి ఖర్చు తగ్గిద్దామని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే మూడు చిప్‌లూ ఒకేసారి మూగబోతాయి, తిరిగి లేపేది కూడా ఆ కనెక్టరే.

నాకు ఎదురైన లోపాల్లో ఎక్కువ భాగం క్లాక్ తీగవే. ఫ్లాష్‌కి, రెండు స్లేవ్‌లకి తిరిగే ఆ తీగలో కొమ్మలు ఎక్కువైతే సిగ్నల్ ప్రతిధ్వనులు వచ్చి ఒక క్లాక్ అంచు (సిగ్నల్ మారే క్షణం) రెండుగా లెక్కపడుతుంది. అదృష్టం చూడండి, స్కోప్ (సిగ్నల్‌ని గీసి చూపే పరికరం) ప్రోబ్ ఆనించగానే బోర్డు బుద్ధిగా బూట్ అయ్యేది! మాస్టర్ పక్కనే చిన్న సిరీస్ రెసిస్టర్ పెట్టి, కొమ్మల్లేకుండా తీగను వరసగా లాగాక ఆ గోల పోయింది.

చిప్‌లన్నిటికీ ఒకే డిజైన్ అయితే చెయిన్ అక్కర్లేదు. ఫ్లాష్ డేటాను అన్నిటి డీ-ఇన్‌లకీ (డేటా లోపలికి వచ్చే పిన్‌లకీ) సమాంతరంగా ఇస్తే ఒక్క బిట్‌స్ట్రీమ్‌తో, ఒక్క చిప్ పట్టే సమయంలోనే అన్నీ లేస్తాయి. ఎవరు ఎవరో తెలియడానికి రెండు స్ట్రాప్ పిన్‌లు (బోర్డు మీద 0కో 1కో కట్టి ఉంచేవి) చాలు. మూడు వేరు డిజైన్లు, పైగా బోర్డు మీద ఎలాగూ మైక్రోకంట్రోలర్ ఉంటే, ఈసారి నేను మూడింటినీ స్లేవ్‌లుగా పెట్టి దానితోనే నింపిస్తాను. డన్ తీగలు విడివిడిగా.